చేతికొచ్చిన ఖాళీ బిందె

నీళ్లు రావడం లేదని శామీర్‌పేట రోడ్డు మీద ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఎమ్మెల్యే కారును ఆపేశారు. వెనక నేనెక్కిన ఆటో చిక్కుకుంది. దిగి, దారి ఇమ్మని ఒక అవ్వ మీద విసుక్కున్నాను.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"అమెరికా. అక్కడా ఇంతే అవ్వా. మా ఊరి ఆసుపత్రి మూసేశారని మా ప్రతినిధికి, అంటే మీ ఎమ్మెల్యే లాంటాయనకి, ఎన్ని ఉత్తరాలు రాసినా మెషీన్ పంపే జవాబే వస్తుంది."

"ఓట్లప్పుడు ఇంటికొచ్చిండా?"

"లేదు. టీవీలో కనిపించాడు."

"మొకం జూడనోనికి ఓటెట్లేసినవ్? గీ ఎమ్మెల్యే మా వాకిట్ల చాయ్ తాగి ఓటడిగిండు. గందుకే ఆపినం." తన బిందె నా చేతిలో పెట్టింది. "పట్టు. గాయన కారు దిగేదాక జరగకు."

పోలీసు లాఠీతో నేల మీద కొడుతూ వచ్చాడు. నేను బిందె పట్టుకుని జరగకుండా నిలబడ్డాను. కారు అద్దం దిగింది. ఎమ్మెల్యే నా వైపు చూశాడు.

అమెరికాలో పదిహేనేళ్లుగా ఓటేస్తున్నాను. ఒక నాయకుడు నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి. ఆయనకు వేయడానికి నాకు ఈ దేశంలో ఓటే లేదు.