బేళ్ల గోడౌనులో రెండో గొంతు

నమ్మితే నమ్మండి, లేకుంటే మానండి. మా అమ్మ మీద ఒట్టు... ఇది ఆదోనిలో నాకు జరిగిందే. తాగినోడి మాటలనుకునేరు. మా కంపెనీ ఇచ్చే జీతానికి తాగుడొకటే తక్కువ!

మాది మద్రాసులో పెద్ద ఆడిట్ కంపెనీ. బయట పేరు చెప్తే కుర్చీ వేస్తారు. లోపల పని చేసేవాళ్లనడగండి... పేరు గొప్ప, ఊరు దిబ్బ. నా పెండ్లానికి నెలలు నిండినాయి, సెలవియ్యండి సార్ అంటే మేనేజరు ఏమన్నాడో తెలుసా? "కాన్పు ఆమెకు గదయ్యా, నీకెందుకు సెలవు?" అని నన్ను ఆదోని పత్తి ఫ్యాక్టరీకి తోలినాడు. తెల్లారి బేళ్లు, అదే పత్తి మూటలు, రైలుకెక్కేలోగా లెక్కబెట్టాల. ఆ సాయంత్రమే ఎమ్మిగనూరులో ఆమె పుట్టింటి నుంచి కబురు... నొప్పులు మొదలైనాయంట. తొలి కాన్పు. లెక్క తేలితే తెల్లారి మొదటి బస్సు. తేలకుంటే లేదు.

పత్తి గోడౌనులోకి దీపం పోనియ్యరు. నిప్పు భయం. అందుకని హమాలి హుసేనప్ప చీకట్లో ఒక్కొక్క బేలు తట్టి అంకె అరుస్తాడు. నేను బయట, దూరంగా లాంతరు కింద గీతలు గీసుకోవాల. నేను కూర్చున్నానో లేదో, లోపల మొదలైంది.

"లాభం..." ఒకటి అనరు గదా, లాభమే. "రెండు... మూడు..."

గీస్తాండాను. గొంతు కొంచెం ముసలిగా ఉంది. చేత్తో తట్టే చప్పుడు... మెత్తగా... మళ్లీ అంకె. చాలాసేపు గీసినాను.

వెనక నుంచి ఎవరో భుజం తట్టినారు.

హుసేనప్ప. మూతి తుడుచుకుంటాండాడు. "నీళ్లు తాగొచ్చినా సామీ. మొదలుపెడదామా?"

లోపల... అంకె ఆగిపోయింది.

ఉన్నది ఒకటే తలుపు. "ఎవరప్పా లోపల?" అని అరిచినాను. ఎవరూ బయటికి రాలేదు. హుసేనప్ప నాలుగడుగులు వెనక్కేసినాడు. "నేను రాను సామీ. ఎవురో ముందే లెక్కబెడ్తాండారు. ఆయప్పతో మనకేల?"

అప్పుడు నాకు భయం కన్నా ఒళ్లు మంట ఎక్కువైంది. ఈడ దయ్యం, ఆడ మేనేజరు, నడుమ నేను. దయ్యం కనీసం సంజాయిషీ అడగదు! హుసేనప్పను లాంతరు కాడ గీతలు గీయమని, నేనే లోపలికి పోయినాను.

చీకటి. పత్తి వాసన. నా ఊపిరే నాకు వినిపిస్తాంది. మొదటి బేలు తట్టి "లాభం" అన్నాను. రెండోది తట్టి నోరు తెరిచేలోగా...

"రెండు."

పక్కనే. చెవి పక్కనే.

పరిగెత్తాలనుకున్నాను. నా పెండ్లాం మొహం గుర్తొచ్చింది. ఏడుస్తూనే మూడోది తట్టి "మూడు" అన్నాను. నాలుగు ఆ గొంతు చెప్పింది. అట్లా చివరిదాకా... నేనొకటి, అదొకటి. ఫ్యాక్టరీ వాళ్ల లెక్కతో సరిపోయింది.

బస్సు అందుకున్నాను. మా పాప పుట్టిన కాసేపటికే ఎత్తుకున్నాను.

హుసేనప్ప మాత్రం లోపల రెండు గొంతులు విన్నానంటాడు. మనిషా, దయ్యమా, నా వెర్రా... ఇప్పటికీ తెలీదు. అంత పెద్ద కంపెనీలో ఇన్నేండ్లు చేసినాను గదా, నువ్వు పోయి బిడ్డను చూసుకో అని నా పనిలో చేయి కలిపినోడు ఒక్కడు లేడు. ఆ రాత్రి కలిపింది... వాడెవడో మరి.