ఖోర్ ఫక్కాన్‌లో స్పియర్ గన్ గొడవ

నా చిన్నప్పుడు మేము ఎమిరేట్స్‌లోని ఖోర్ ఫక్కాన్ అనే రేవు పట్టణంలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఓడరేవులో నీళ్ళలోకి దిగి ఓడల అడుగు శుభ్రం చేసే డైవరు. కాకినాడ నుంచి వచ్చిన మా బాబాయికి నాన్నే ఆ పని ఇప్పించి, మా ఇంట్లోనే ఉంచుకున్నాడు. అన్నదమ్ములిద్దరికీ క్షణం పడేది కాదు.

ఒక శుక్రవారం పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టడానికి ముగ్గురం బయల్దేరాం. బాబాయి కొత్త స్పియర్ గన్ కొనుక్కొచ్చాడు. రబ్బరు లాగి వదిలితే బల్లెం దూసుకుపోతుంది. పట్టినవాటిలో అన్నింటికంటే పెద్దది నాకేనని మాటిచ్చాడు. కానీ వీపున గాలి సిలిండరు కట్టుకుని బల్లెంతో వేటాడటం అక్కడ నేరం. చేత్తోనే పట్టాలి.

తీరా ఒడ్డున గన్ తీస్తే దానికి రబ్బర్లు లేవు. నాన్న ముందే విప్పి దాచేశాడు.

"నా వస్తువే దొంగతనం చేస్తావా అన్నయ్యా?" అంటూ బాబాయి నాన్న చొక్కా పట్టుకున్నాడు.

"కోస్ట్‌గార్డు చూశాడంటే ఇద్దరికీ ఖలాస్. మనకు వీసా ఇచ్చిన కఫీల్ ముందు తల దించుకునేది నేనురా!"

"నీళ్ళ కింద ఎవడు చూస్తాడు? పిరికోడా!"

నాన్న అతని చేయి విదిలించి, చేతి తొడుగులు వేసుకుని, వల సంచీతో నీళ్ళలోకి దిగిపోయాడు. నాకూ నాన్న మీద ఒళ్ళు మండి బాబాయి పక్కనే కూర్చున్నాను.

నాన్న రెండింటిని పట్టుకొచ్చాడు. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి, తోక కింద నా వేళ్ళు పెట్టించాడు. గుత్తులు గుత్తులుగా నారింజ రంగు గుడ్లు!

"బల్లెం దిగాక ఇది తల్లని తెలిస్తే ఏం చేస్తావమ్మా?"

నాన్న దాన్ని మెల్లగా నీళ్ళలోకి వదిలాడు. తోక కొట్టుకుంటూ వెనక్కి ఈది రాళ్ళలోకి పోయింది.

"పిల్లను అడ్డం పెట్టుకుని నాకు బుద్ధి చెబుతున్నావా?" అని బాబాయి గన్‌ను ఇసుకలో విసిరికొట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వారమే వేరే గదికి మారాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఒకే రేవులో, ఒకే ఓడ కింద పనిచేసినా నాన్నతో ఒక్క మాటా మాట్లాడలేదు.

బల్లెం వదిలి చేత్తో పట్టడం నాన్న సరిగ్గానే ఎంచుకున్నాడు. కానీ దెబ్బ తగిలిపోయాక ఏం చేస్తావని నన్ను అడిగిన ఆ ప్రశ్న, రబ్బర్లు విప్పేటప్పుడు తనకు తాను వేసుకోలేదు. అందుకే నేను ఎవరినైనా ఆపాలనుకుంటే ఎదురుగా నిలబడి చెబుతాను. తిట్లు తింటాను, పోట్లాడతాను. చాటుగా మాత్రం ఏదీ చేయను.