వంతెన దగ్గర చదవని పేరు

పోయిన వారం మీ అమ్మ పెరట్లో కూరగాయల మడి వేయించింది. మడి చుట్టూ గట్టు కోసం ఎక్కడివో పాత రైలు పట్టాల కింది చెక్క దుంగలు తెచ్చి పేర్చారు. మధ్యాహ్నం ఎండ తగిలేసరికి ఆ దుంగల్లోంచి తారు వాసన లేచింది. తోటకూర గింజలు చల్లుతున్నదాన్ని అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. మీ అమ్మ లోపల మీటింగులో ఉంది కాబట్టి చూడలేదు, చూస్తే బీపీ మిషన్ పట్టుకుని వచ్చేది. నాకేమీ కాలేదు. ఆ వాసన నన్ను ఈ ఆష్‌బర్న్ నుంచి దక్షిణంగా, ఈ దేశం వచ్చిన కొత్తలో మీ తాతయ్యా నేనూ మొదట కాపురం పెట్టిన చిన్న ఊరికి తీసుకుపోయింది, అంతే. అక్కడొక నది, నది మీద రైలు వంతెన, వంతెన పక్కన ఎడ్నా.

మీలో ఒకరు సన్నీవేల్‌లో ఉన్నారు, ఒకరు జెర్సీ సిటీలో. ఆదివారం ఫోన్ చేసి "ఏం చేస్తున్నావ్ అమ్మమ్మా" అంటే "ఏముంది నాన్నా" అంటాను. ఎడ్నా సంగతి ఆ కాస్త ఫోనులో ఇమడదు. అందుకని కుదురుగా కూర్చుని చెప్తున్నాను. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, నా చెవిలో అవన్నీ ఎప్పుడో తెలుగైపోయాయి.

అది పొగాకు పండే ఊరు. మా గోదావరి వైపు పొగాకు ఆరబెట్టే బేరన్‌ల వాసన అక్కడా ఉండేది కాబట్టి నాకు పెద్దగా బెంగ అనిపించలేదు. తాతయ్య ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరు. పక్కింట్లో ఎడ్నా. నల్లజాతి ఆవిడ, బడిలో చిన్నపిల్లలకు టీచరు, దాదాపు మా అమ్మ వయసు. పెళ్ళి చేసుకోలేదు. నేను సరుకుల సంచులు రెండు చేతులా పట్టుకుని రోడ్డు పక్కన నడిచి వస్తుంటే ఒకరోజు కారు ఆపింది. "మీ ఆయనకి కారు, నీకు కాళ్ళు. ఇదేం పంపకం హనీ? ఎక్కు." ఆ శనివారమే నాకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. తాతయ్యకి చెప్తే, "ఆవిడ దగ్గరే నేర్చుకో. నేను నేర్పితే సంసారం నిలవదు" అన్నారు.

రద్దీ ఉండదని నన్ను ఎప్పుడూ నది వైపు రోడ్డు మీదకే తీసుకెళ్ళేది. మొదటిసారి ఒడ్డున కారు ఆపి దిగేసరికి, వంతెన మీద గూడ్సు బండి పోతోంది. పట్టాల కింద దుంగలు ఎండకి కాగి ఇదే వాసన. నేనేం చేస్తున్నానో తెలిసేలోపలే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక నాణెం తీసి నదిలో వేసి దండం పెట్టేశాను. రాజమండ్రిలో పుట్టినవాళ్ళకి అది చేతికి అలవాటు. రైలు వంతెన మీద చప్పుడు వినిపిస్తే చేయి దానంతటదే గోదావరికి ఏదో ఒకటి ఇస్తుంది. ఎడ్నా నా వంక వింతగా చూసింది.

"ఏం కోరుకున్నావు?"

"కోరుకోలేదండీ. నది అమ్మలాంటిది. ఊరికే పలకరింపు."

ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఈ నదికి మావాళ్ళు చాలానే ఇచ్చారు" అని, నన్ను చేయి పట్టుకుని వంతెన పక్కనున్న గడ్డి కట్ట మీదకి ఎక్కించింది. మన కాలవగట్టులా మామూలుగా ఉంది. అది సివిల్ వార్ నాటి మట్టికోట. దక్షిణాది సైన్యానికి తిండి, మందుగుండు ఆ పట్టాల మీదే వెళ్ళేవట. బానిసత్వం పోవాలన్న ఉత్తరాది సైన్యం ఆ వంతెన తగలబెట్టడానికి వచ్చింది. దక్షిణాది పక్షాన ఊరివాళ్ళు ఆ కట్ట చాటు నుంచి కాల్చి వాళ్ళను వెనక్కి తరిమారు. వంతెన నిలిచింది.

"మరి కట్ట ఎవరు కట్టారనుకున్నావు?" అంది ఎడ్నా. "పొలాల్లోంచి బానిసలను తోలుకొచ్చి తవ్వించారు. మా ముత్తాత ఐజయా అందులో ఒకడు. తనను విడిపించడానికి వచ్చినవాళ్ళకి అడ్డంగా, తన చేతులతోనే గోడ పోశాడు. వంతెన నిలిచింది కాబట్టి యుద్ధమూ ఇంకొన్నాళ్ళు నిలిచింది. ఆ చలికాలంలో యజమాని ఆయన చిన్న కూతుర్ని ఎవరికో అమ్మేశాడు. చెట్లు చిగుర్చేసరికి యుద్ధం అయిపోయింది, అందరూ స్వేచ్ఛగా ఉన్నారు. పాప మాత్రం లేదు. ఊరూరా తిరిగాడట. దొరకలేదు."

"పాప పేరేమిటి?" అని అడిగాను.

"తెలియదు. ఆయన మళ్ళీ ఆ పేరు నోటితో అనలేకపోయాడు. అందుకే మా దాకా రాలేదు."

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు కారు ఆవిడే నడిపింది.

ప్రతి జూన్‌లో ఒక శనివారం ఆ వంతెన దగ్గర ఆ పోరు గుర్తుగా సభ జరిగేది. ఊళ్ళో మగవాళ్ళు పాత సైనికుల దుస్తులు వేసుకునేవారు, గుండు లేని ఫిరంగి పేల్చేవారు, గుడారం కింద నిమ్మరసం పోసేవారు. మొదటిసారి నేను పిక్నిక్ అనుకుని పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. అధ్యక్షుడు పెద్దమనిషి, మర్యాదస్తుడు. రెండువైపులా చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదివాడు. చదవడం అవగానే నా పక్క కుర్చీలోంచి ఎడ్నా లేచింది. చర్చికి వేసుకునే టోపీ, చేతికి గ్లవుజులు.

"ఈ కట్ట తవ్వినవాళ్ళ పేర్లు కూడా చదవండి. ఒకటి నేనిస్తాను. ఐజయా."

"మిస్ ఎడ్నా, మీకు తెలుసుగా. రికార్డులో ఉన్నవే మేము చదివేది."

"రికార్డు రాసినవాళ్ళు ఆయన్ని అడగలేదు. అది ఆయన తప్పా?"

"వచ్చే ఏడు చూద్దాం మేడమ్."

ఆవిడ కూర్చుంది. ఫిరంగి పేలింది. నా ఒళ్ళో పులిహోర డబ్బా మూత కూడా తీయలేదు. మరుసటి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. ఒకసారి ఉండబట్టలేక కారులో అడిగేశాను. "కాదంటారని తెలుసు కదండీ, ఎందుకు వెళ్తారు?"

"వాళ్ళు కాదనాలంటే ముందు ఆ పేరు వినాలి కదా హనీ" అంది.

ఏళ్ళు గడిచాయి. గూడ్సు బళ్ళు ఆగిపోయి వంతెన మీద జనం నడిచే దారి వేశారు. మీ అమ్మ పెరిగి కాలేజీకి వెళ్ళింది. ఎడ్నాకి క్యాన్సర్ వచ్చింది. తాతయ్య దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పారు, ఆవిడకి అలాగే కావాలి. ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం నన్ను నది దగ్గరికి తీసుకెళ్ళమంది. ఇప్పుడు కారు నేను నడిపేదాన్ని, ఆవిడ పక్క సీట్లో.

"ఆ రోజు నాణెం వేశావు గుర్తుందా? చనిపోయినవాళ్ళకి మీరేం చేస్తారు?"

మా నాన్నగారి గురించి చెప్పాను. గోదావరిలో మోకాళ్ళ లోతున నిలబడి, పెద్దలను పేరుపేరునా తలుచుకుని నువ్వులూ నీళ్ళూ వదిలేవారు. అందరికీ అయ్యాక చివర్లో ఇంకొక దోసెడు, ఎవరూ లేనివాళ్ళకి, పేరు కూడా తెలియనివాళ్ళకి.

"పేరు లేకపోతే ఎలా చేరుతుంది?"

చిన్నప్పుడు నేనూ అదే అడిగాను. దాహంతో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవక్కర్లేదమ్మా, నీళ్ళ చప్పుడు చాలు అనేవారు నాన్నగారు. అదే చెప్పాను. ఎడ్నా నది వంక చూసింది. తర్వాత, "రేపు నువ్వులు తీసుకురా" అంది.

మనలో ఆడవాళ్ళు ఆ పని చేయరు. చేయవచ్చా అని అడగడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు, నేను అడగనూ లేదు. మర్నాడు వంటింటి డబ్బాలోంచి నల్లనువ్వులు పొట్లం కట్టుకెళ్ళాను. ఆవిడ దోసిలి కింద నా చేతులు పట్టాను. మొదటి దోసెడు వదులుతూ బడిలో హాజరు పిలిచినట్టు గట్టిగా "ఐజయా" అంది. రెండో దోసెడు పాపకని పట్టుకుని ఆగింది. పెదవులు కదిలాయి కానీ అనడానికి ఏమీ లేదు. నీళ్ళు మా నాలుగు చేతుల్లోంచి జారి నదిలో పడ్డాయి. "మా పాస్టరుకి చెప్పకు" అని నవ్వబోయి ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా చూడటం నాకు అదొక్కసారే.

తిరిగి వస్తుంటే అడిగింది. "నా తర్వాత ఎవరు లేస్తారు?"

ఆవిడ వంశంలో మిగిలింది ఆవిడే. నాకేమో గొంతు లేదు. నేను పిలిస్తే పక్కగదిలో పిల్లి కూడా రాదని తాతయ్య ఆటపట్టించేవారు. అదే చెప్పాను.

"గొంతుతో పని కాదు. కాళ్ళతో పని. లేచి నిలబడాలి, అంతే" అంది. నేను సరేననలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. చెట్లు చిగుర్చకముందే వెళ్ళిపోయింది.

ఆ జూన్‌లో ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్ళాను. పక్క కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకుండా నా హ్యాండ్‌బ్యాగు పెట్టాను. పేర్లు చదవడం అయింది. ఎలా లేచానో తెలియదు. "ఐజయా. ఈ కట్ట తవ్వినవారిలో ఒకరు" అన్నాను. నా యాసకి ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. అధ్యక్షుడు కూడా అప్పటికి ముసలాయన అయిపోయాడు. "థాంక్యూ మేడమ్. రికార్డులో..." అంటూ, నా పక్కన ఎడ్నా లేని కుర్చీ చూసి ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయలేదు. చేతిలో కాగితం మడిచి, ఫిరంగి వాళ్ళకి సైగ చేశాడు.

పేరు మాత్రం చదవలేదు. తర్వాత వచ్చినవాళ్ళూ చదవలేదు. కొన్నేళ్ళకి ఒక బోర్డు పెట్టారు, తవ్వినవారి పేర్లు తెలియవని. ఎడ్నా ఉంటే అనేది, తెలియవు కాదు, అడగలేదు అని. తాతయ్య పోయాక కూడా, నా చూపు మందగించి కారు మానేసేదాకా, ప్రతి జూన్‌లో వెళ్ళి లేచి నిలబడి కూర్చునేదాన్ని. ఇక్కడికి వచ్చేశాక ఆ పని చేసేవాళ్ళు లేరు. ఈ జూన్‌లో ఫిరంగి పేలే ఉంటుంది. ఎవరూ లేచి ఉండరు.

మిమ్మల్ని వెళ్ళమని అడగడం లేదు నాన్నా. మీ ఉద్యోగాలు, మీ దూరాలు నాకు తెలియనివా. పేరు ఒకసారి పైకి అనండి చాలు, నోరు తిరిగితే అదే ఉంటుంది. ఐజయా.

తోటకూర మొలిచింది. రోజూ సాయంత్రం మడికి నీళ్ళు పోయడానికి వెళ్తాను. దుంగలు ఇంకా వేడిగానే ఉంటాయి, తారు వాసన ఇంకా వస్తూనే ఉంటుంది. పైపు కట్టేసి బకెట్లో చేతులు ముంచి, ఒక దోసెడు ఐజయాకి వదులుతాను, ఒకటి ఎడ్నాకి. మూడోది వదిలేటప్పుడు ఏమీ అనను. ఆ పాపకి నీళ్ళ చప్పుడు వినిపించేలా కాస్త ఎత్తు నుంచి వదులుతాను.