పంటితో కట్టిన కట్టు

ఎముకల ఆసుపత్రిలో మెట్ల కింది గదిలో పిండికట్లు వేసేది కట్లక్క. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె నోటికి జడిసిన ఆయాలు చాటుగా కట్లపాము అనుకునేవారు. అది ఆమెకూ తెలుసు. "కాటేస్తాను, జాగ్రత్త" అని తనే నవ్వేది.

చెయ్యి విరిగి గుక్కపట్టి ఏడ్చే చంటిపిల్లకైనా, కాలు విరిగినా బింకం తగ్గని పెద్దమనిషికైనా ఆమె చెప్పేది ఒకటే మాట. "ఊరుకో, నేనున్నాను కదా." పిండిపట్టీని నీళ్లలో ముంచి, నీరు పిండేసి, దూది మీదుగా చుట్టి, అరచేత్తో నిమిరేది. వెళ్లేటప్పుడు మాత్రం కళ్లెర్రజేసేది. "వేళ్లు కదుపుతూ ఉండు. గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా ఉన్నపళంగా పరుగెత్తుకురా. రేపు చూద్దాంలే అన్నావో, ఇక ఆ చేతి మీద ఆశ వదులుకో!"

లోకానికంతా ఇంత ధైర్యం నూరిపోసే మనిషి, ఆపరేషన్ గది పేరెత్తితే చాలు, అక్కణ్నుంచి లేచిపోయేది. చిత్రం కాదూ? కాదు. ఆపరేషన్‌తో బాగుపడి ఇంటికెళ్లినవాళ్లు మళ్లీ ఆమె గది తొక్కేవారు కాదు. వాళ్లకేం పని? కీళ్లు బిగుసుకుపోయినవాళ్లూ, పుండు మానక చీము పట్టినవాళ్లూ, పిడికిలి మూయలేనివాళ్లూ మాత్రం కట్టు మార్పించుకోవడానికి వస్తూనే ఉండేవారు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె చూసింది వాళ్లనే. కత్తి పడిన చెయ్యి పనికి రాదని ఆమె మనసులో పాతుకుపోయింది.

ఓ ఆదివారం పొద్దున స్నానాలగదిలో సబ్బునీళ్ల మీద ఆమె కాలు జారింది. కుడి అరచెయ్యి నేలకు మోపి పడింది. మణికట్టు దగ్గర కటుక్కుమన్న చప్పుడు స్పష్టంగా వినబడింది. ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ మొగుడు "ఏం పడిందే?" అని కేకేశాడు.

"బకెట్టు!" అంది పళ్ల బిగువున.

ఎడంచేత్తో తడిమి చూసుకుంది. ఎముక చిట్లింది, పక్కకు జరగలేదని తనకు తనే తేల్చేసింది. ఎక్స్‌రే తీయిస్తే పెద్దడాక్టరు చూస్తాడు. చూస్తే ప్లేటంటాడు, స్క్రూలంటాడు. ఆ చెయ్యే పోతే పని పోతుంది, అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా మొగుడి మొహం చూడాల్సి వస్తుంది. దుకాణానికెళ్లొస్తానని చెప్పి, ఎవరి కంటా పడకుండా ఆసుపత్రికి వెళ్లి, తన గది తాళం తీసి, లోపల గడియ వేసుకుంది.

ఆ మనిషిని ఏమనాలి చెప్పండి! కొత్తగా విరిగిన చేతికి వాపు ఇంకా రాబోతోందని ఆమెకు తెలియదా? ఆ పూటకు అడుగున చెక్కలా ఓ పట్టీ పెట్టి వదులుగా కట్టాలని ఎంతమందికి నేర్పలేదు? కానీ అలా వదులుగా కడితే ఎముక జరుగుతుందేమో, జరిగితే కోస్తారేమోనన్న బెంగ. అందుకని చుట్టూ పూర్తికట్టే వేసుకుంది. ఎడంచేత్తో పట్టీ తిప్పుతూ, రెండో కొస పళ్లతో పట్టి లాగింది. పట్టీ ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో ఆమె చేతులకు తెలుసు. పళ్లకేం తెలుసు? వాటికి తెలిసింది కొరికి లాగడమే.

ఇంటికొచ్చాక కట్టు చూసి దర్జీ కంగారుపడ్డాడు. "బెణికిందంతే. డాక్టరుగారే కట్టుకోమన్నారు" అంది. కట్ల సంగతిలో ఆమె మాటకు తిరుగేముంది? నమ్మేశాడు పాపం.

మధ్యాహ్నానికి పోటు మొదలైంది. మాత్ర వేసుకుంది. చేతిని దిండు మీద ఎత్తిపెట్టుకుంది. ఎముక నొప్పేలే, తగ్గుతుందిలే అని సర్దిచెప్పుకుంది. అది తగ్గే నొప్పి కాదు. లోపలినుంచి ఎవరో పిండుతున్నట్టు పెరుగుతోంది. వేళ్లు ఉబ్బాయి. చూపుడువేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడింది. ఎర్రబడటానికి చాలాసేపు పట్టింది. ఇంకోసారి నొక్కడానికి ధైర్యం చాల్లేదు. పక్కనున్న తువ్వాలు తీసి చేతి మీద కప్పేసుకుంది. కనబడకపోతే లేనట్టే అనుకుంది కాబోలు.

సాయంత్రం దర్జీ కాఫీ తెచ్చి, తువ్వాలు కాస్త తొలగి ఉంటే అటు చూశాడు.

"వేళ్లేమిటే ఇలా నీలుక్కుపోయాయి?"

"చలికి."

"ఉక్కపోతతో చస్తుంటే చలేమిటి, నీ మొహం!" అని వేళ్లు పట్టుకున్నాడు. చల్లగా తగిలాయి. ముడుచుకుని ఉన్న మధ్యవేలిని చాపబోయాడు. ఆమె పెట్టిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"లే. ఆసుపత్రికి పద."

"నేను రాను. కోసేస్తారండీ. మీకు తెలియదు, నేను చూశాను."

"నాకేమీ తెలియదే. నాకు భయంగా ఉంది, అంతే. నువ్వు కదలకపోతే భుజాన వేసుకుని తీసుకుపోతా. నడుం విరిగితే నాకూ నువ్వే కడుదువుగాని!"

ఆటోలో కూర్చున్నాక ఏడుస్తూ అంతా చెప్పేసింది. దర్జీ తిట్టలేదు. డ్రైవరును మాత్రం "పోనీ నాయనా, తొందరగా పోనీ" అంటూ ఊపిరాడనివ్వలేదు.

పెద్దడాక్టరు కట్టు చూడగానే మండిపడ్డాడు. "ఏ దౌర్భాగ్యుడు వేశాడిది?" కట్లక్క తల దించుకుంది. "తనే వేసుకుంది, సార్" అన్నాడు దర్జీ.

డాక్టరు ఇంకో మాట మాట్లాడకుండా కట్టు కోసే మిషను అందుకున్నాడు. అది చర్మాన్ని తెంపదని ఎందరికో ఒట్టేసి చెప్పిన మనిషి, అది బర్రుమనగానే కెవ్వుమంది. కట్టు చీలింది. అడుగున దూది కూడా కత్తిరించి చర్మం దాకా తెరిచారు. ముంజెయ్యి బిగదీసుకుపోయి నిగనిగలాడుతోంది.

"ఎక్స్‌రేలో ఎముక పెద్దగా జరగలేదు. దాని గొడవ తర్వాత" అన్నాడు డాక్టరు కాసేపయ్యాక. "వేళ్లకు స్పర్శ వచ్చిందా, సరే. రాలేదంటే లోపలి వాపు నరాన్నీ కండనీ నొక్కి చంపేస్తోందన్నమాట. వెంటనే చర్మం తెరిచి ఆ ఒత్తిడి తీసెయ్యాలి. ఆలస్యమైతే చెయ్యి ముడుచుకుపోతుంది, తర్వాత ఎవరేం చేసినా రాదు. కళ్లు మూసుకో. దూదితో తాకుతాను. ఏ వేలో చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది.

"బొటనవేలు" అంది. కాసేపాగి, "చూపుడువేలు." మరికాసేపాగి, "మధ్యవేలు."

చేతివైపు కాక ఆమెవైపే చూస్తున్న డాక్టరు మొహం తేటబడింది. "బతికించావు. అయితే ఈ రాత్రికి కనిపెట్టుకుని చూద్దాం" అని లేవబోయాడు.

"సార్!" అన్నాడు దర్జీ. "మీరు మధ్యవేలు తాకకముందే చెప్పింది, సార్. దూది ఇంకా గాల్లోనే ఉంది."

డాక్టర్లు ఏ వరసలో తాకుతారో, ఎంతసేపు ఆగుతారో ఇన్నేళ్లుగా పక్కన నిలబడి చూసిన మనిషి ఆమె. ఆ వరస ప్రకారం అప్పజెప్పేసింది. కట్లక్క కళ్లు తెరిచి మొగుడివైపు చూసింది. అంత కోపంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు మళ్లీ కూర్చున్నాడు. "కళ్లు మూసుకో, అక్కా" అన్నాడు మెల్లగా. ఈసారి ముందు మధ్యవేలు తాకాడు. తర్వాత బొటనవేలు. మళ్లీ మధ్యవేలే.

ఆమె మూసిన కళ్ల కిందనుంచి నీళ్లు కారాయి.

"తెలియట్లేదు సార్. ఇందాక కూడా తెలియలేదు. నాకు భయం సార్, కోస్తే నా చెయ్యి రాదు సార్..."

"కొయ్యకపోతే రాదు" అన్నాడు డాక్టరు, నర్సుకు సైగ చేస్తూ.

చక్రాల బల్ల మీద తోసుకుపోతుంటే ఎడంచేత్తో మొగుడి చొక్కా పట్టుకుని వదల్లేదు. తలుపు దగ్గర నర్సు ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. దర్జీ బయట గోడకు చేరగిలబడ్డాడు. ఇప్పుడు చెయ్యి పోతే ఆ పాపం నాదేనా అన్న ఒక్క ఆలోచనే అతన్ని పట్టి పీడించింది. తాను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించే శక్తి అతనికి లేదు.

తెల్లారింది. పెద్ద కట్టులోంచి వేళ్ల కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మత్తు పూర్తిగా దిగిందని నర్సు చెప్పి వెళ్లింది. కట్లక్క గోడవైపు తిరిగి పడుకుంది. మొగుడితో మాట్లాడలేదు, చేతివైపు చూడలేదు. చూడాలంటే భయం. అతనికీ పలకరించాలంటే భయమే. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, దుప్పటి కింద ఆ వేళ్ల కొసలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

చాలాసేపటికి ఆమె గోడవైపు చూస్తూనే విసుక్కుంది.

"ఆ మధ్యవేలు వదలండీ. నలిపేస్తున్నారు."

దర్జీ దుప్పటి ఎత్తి తన చేతివైపు చూసుకున్నాడు. బిగించి పట్టుకున్నది మధ్యవేలినే. స్టూలు తన్నేసి నర్సు కోసం పరుగెత్తాడు.