అద్దం వెనుక సొరబుర్ర

కొంటాలో ఉదయం ఆరింటి బస్సు ఎక్కాం, నేనూ మా ఆశ్రమ బడి నాలుగో తరగతి పిల్లలూ. జగ్దల్‌పూర్ ఆదివాసీ మ్యూజియం చూపిస్తానని ఏడాదిగా ఊరిస్తున్నాను. ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. వానాకాలంలో మా జోగి వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల అమ్మ మాటే ఎత్తదు. నాలుగు కొత్త వస్తువులు చూస్తే మనసు తేలికపడుతుందేమోనని నా ఆశ.

సుక్మాలో దిగి నూనెలో వేయించిన భజియాలు తిన్నాం. దర్భా ఘాటీ కొండ మలుపుల్లో ఇద్దరు వాంతి చేసుకున్నారు కాబట్టి, మీరు వెళ్తే పిల్లలకు అరటిపళ్ళు పెట్టండి చాలు. మ్యూజియంకని చెబితే పక్క సీటు పెద్దాయన నవ్వాడు.

"ఇంత దూరం పోయి ఏంది సూస్తరమ్మా? గంపలు, సొరబుర్రలేనా? మా ఇండ్లల్ల లెవ్వా?"

ఒళ్ళు మండి కిటికీ వైపు తిరిగాను.

పన్నెండున్నరకు చేరాం. పిల్లలంతా లోపలికి పరుగెత్తారు. జోగి మాత్రం మొదటి గదిలో జావ పోసుకునే సొరబుర్రను చూసి, గుమ్మం దగ్గరికి వెనక్కి వచ్చేసింది.

"నేను రాను మేడమ్. ఇయ్యన్నీ సచ్చినోళ్ల సామాను."

వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, వాడిన బుర్రా గంపా సమాధి దగ్గర పెట్టేస్తారు. ఇక వాటిని ఎవరూ ముట్టరు. అద్దాల వెనుక ఎవరూ ముట్టని వస్తువులు ఆ పిల్లకు మరెలా కనిపిస్తాయి? ఊరించి ఊరించి తెచ్చింది ఇక్కడికా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మ్యూజియంలో పిల్లలకు అన్నీ చూపించే మీనా దీదీకి సంగతి హిందీలో చెప్పాను. ఆమె జోగి ఎదుట నేల మీద కూర్చుని, అద్దం వెనకున్న బుర్ర సంతలో కొన్నదనీ, అమ్మిన ముసలామె ఇప్పటికీ సంతకు వస్తోందనీ చెప్పింది. లోపలికెళ్ళి తాను జావ తెచ్చుకునే బుర్రను పట్టుకొచ్చి మిగతా పిల్లల చేతికిచ్చింది. వాళ్ళు ఆకు దొప్పల్లోకి వంచబోతే సగం జావ నేలపాలైంది. దీదీ కసురుకోలేదు, గుడ్డ తెచ్చుకుంది.

జోగి ఇక ఆగలేకపోయింది. "అట్ల కాదు!" అంటూ బుర్ర లాక్కుని, దాని మూతికి వేలు అడ్డం పెట్టి, సన్నటి ధారగా నా దొప్పలో పోసింది.

"ఎవరు నేర్పారే?" అనేసి నాలుక కరుచుకున్నాను. జోగి ఇంకో దొప్ప అందుకుంది.

మూడింటికి తిరుగు బస్సు. మ్యూజియాలు నడిపేవాళ్ళకు నాదొక్కటే మనవి. అద్దాలు ఉండనివ్వండి, ఒక్క బల్ల మీద మాత్రం పిల్లల చేతులు పడనివ్వండి. ఒలికితే తుడుచుకోవచ్చు.

తోంగ్‌పాల్ దాటాక జోగి నా ఒళ్ళో తల పెట్టుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మేడమ్, మా అమ్మ పోస్తే ఒక్క సుక్క కింద పడకపోయేది. నేను జర్రంత పారబోసిన."

"అమ్మ చూస్తే తిట్టేదా?"

"లే, నవ్వేది" అని తనూ నవ్వింది.

కొంటా వచ్చేదాకా వాళ్ళమ్మ కబుర్లు చెబుతూనే ఉంది. నేను కళ్ళు తుడుచుకుంటూ ఊ కొడుతూనే ఉన్నాను.