గువ్వ రెట్ట చదివిన ఓబులవ్వ

ఈ ఉదయం బాల్కనీలో ఆరేసిన నా తెల్లచొక్కా మీద ఒక గువ్వ రెట్ట వేసింది. మా ఆవిడ బకెట్‌తో వచ్చేలోపు వంగి చూశాను. గట్టి గోధుమరంగు ముద్ద, పైన తెల్లటి టోపీ. ‘బాగా తిన్న పక్షి’ అన్నాను. ఆమె చొక్కా గురించి ఏదో అంటోంది.

ఈ విద్య నాకు డిగ్రీలో చెప్పలేదు. శింగనమల దగ్గర మా ఊళ్లో, గోడవతల ఒంటరిగా ఉండే ఓబులవ్వ చెప్పింది. మొగుడూ గొర్రెలూ పోయాక ఆమెకు మిగిలింది ఒక పెంపుడు గువ్వ. పొద్దున్నే అది వాలే కర్ర కింద కూర్చుని, రాత్రి పడిన రెట్టలను పుల్లతో విరిచి చూసేది. పక్కన నన్నూ కూర్చోబెట్టేది. నీళ్లలా జారితే చెడ్డ నీళ్లు తాగినట్టు. గింజ అరగకుండా వస్తే, దాన్ని కడుపులో నూరే ఇసుక మేతలో చాలనట్టు. చిన్నగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఆమె ముఖం మారేది. “కడుపులో ఏమీ ల్యా. వట్టి పసరు దిగుతాండాది” అనేది. ఒకసారి నేను బొరుగులు, అదే మరమరాలు, వేయబోతే చేతి మీద కొట్టింది. “గాలి తిని బతుకుతాదా అది?” కొర్రలో సజ్జలో దానికి వేయందే తను ముద్ద ముట్టేది కాదు.

రెండువేలు దాటిన కొత్తలో వరసగా వానల్లేవు. వేరుశనగ విత్తనం భూమిలోనే వేగిపోయింది. అనంతపురంలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన నేను కర్ర కింద ఆకుపచ్చ చుక్కలు చూశాను. ఎండకేమోలే అంది అవ్వ. నేను చదువుకున్నవాణ్ణి కదా, నులిపురుగులని తేల్చాను. పట్నం నుంచి మందుసీసా తెచ్చాను. ఆకలిగొన్న పక్షికి మూడు రోజులు శ్రద్ధగా మందు పోశాను.

నాలుగో రోజు, గింజల్లో కలిపి పెడదామని మేత డబ్బా తీశాను. ఖాళీ. పక్కన ఆమె బియ్యం కుండ బోర్లించి ఉంది.

“ఎన్నాళ్లయిందవ్వా?”

“రెట్ట చూసినావు గదప్పా. నువ్వే చెప్పు.”

చౌకడిపో జాబితా ప్రకారం ఆమె చనిపోయి రెండు నెలలైందట. ఎదురుగా నిలబడినా డీలరు కాగితాన్నే నమ్మాడు. “పేరు పోయిండాది, ఆఫీసులో అడుగుపో” అన్నాడట. ఆఫీసులో నేను అరిస్తే, బతికున్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. చనిపోయినట్టు ఎవరు తెచ్చారని అడిగాను. ఆ ప్రశ్న వాళ్ల పరిధిలోకి రాదట. ఇన్నేళ్లయినా ఆ గుమాస్తా ప్రశాంతమైన ముఖం తలచుకుంటే నాకు అన్నం సరిగా దిగదు. ఆయనకు దిగే ఉంటుంది.

అంతకన్నా పెద్ద కోపం మా ఇంటి మీద. మా ఊళ్లో మనిషి ఎదురైతే పలకరింపు ఒకటే, తింటివా అని. జవాబూ ఒకటే. ఆ రెండు నెలలూ మా అమ్మ గోడ మీదుగా రోజూ “తింటివా అవ్వా?” అంది. ఆమె రోజూ “తింటిలేమ్మా” అంది. అడిగేశాం కాబట్టి మేం మూడు పూటలా నిశ్చింతగా తిన్నాం. నేనైతే రెట్ట చూసి కూడా తిన్నాను.

ఆ సాయంత్రం మా ఇంటి కొర్రలు గోడ దాటాయి. ఎందుకు చెప్పలేదని కోప్పడితే, అవ్వ గువ్వ ముందు గింజలు చల్లుతూ, నా వైపు చూడకుండానే అంది. “నోరు తెరిచి అడగల్లంటే నాకేమన్నా గువ్వ మాదిరి ముక్కుండాదా?”

కాగితం ప్రకారం చచ్చిపోయాక ఓబులవ్వ ఆరేళ్లు బతికింది.

ఇప్పుడు నేనెవరినీ తిన్నారా అని అడగను. ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్ల వంకతో నేరుగా వంటింట్లోకి నడిచి కుండ మూత ఎత్తి చూస్తాను. మర్యాద తెలియనివాడని పేరొచ్చింది. రానీ.