గోచార వ్యాధి

2004 మార్చిలో నన్ను నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతానికి ఏరియా కోఆర్డినేటర్‌గా వేశారు. మాది అరుదైన జబ్బులున్నవాళ్ళకు మందు అందేలా చూసే ట్రస్టు. అరుదైన జబ్బంటే జిల్లా అంతా గాలించినా ఇద్దరికో ముగ్గురికో ఉండేది. మందు విదేశాల నుంచి రావాలి, కొనడం ఎవరి తరమూ కాదు. తయారుచేసే కంపెనీ కొందరికి ఉచితంగా ఇస్తుంది. ఆ కొందరిని వెతకడం, కాగితాలు నింపడం, మందు ఒంట్లో పడేదాకా వెంటపడటం మా ఉద్యోగం. నా పైన హైదరాబాదులో ముగ్గురు, ముంబైలో ఎందరో. నా కింద ఇద్దరు ఫీల్డ్ ఆఫీసర్లు. వాళ్ళలో ఒకాయన ఎప్పుడు చూసినా సెలవులోనే ఉండేవాడు కనుక నాకు దక్కింది ప్రసాద్ ఒక్కడే.

ఆ వేసవిలో మాకు వచ్చిన కేసు పెనుగంచిప్రోలులో స్వాతి అనే పదమూడేళ్ళ పిల్ల. పొట్ట ఉబ్బి, ఒళ్ళు పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. బెజవాడలో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి గౌచర్ వ్యాధి అని తేల్చారు. ఒంట్లో ఒక రకం కొవ్వును అరిగించే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. ఆ కొవ్వంతా ప్లీహంలో చేరి దాన్ని ఉబ్బిస్తుంది. ఆ ఎంజైమునే పదిహేను రోజులకోసారి సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. స్వాతి పేరిట మందు మంజూరైంది కూడా. షరతు ఒక్కటే. ముప్ఫై రోజుల్లో మొదటి డోసు పడాలి. లేదంటే ఆ చోటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకు పోతుంది.

పన్నెండు రోజులు గడిచినా వాళ్ళు ఆస్పత్రి గడప తొక్కలేదు. ప్రసాద్ బండెక్కి పెనుగంచిప్రోలు వెళ్ళాను. ఆ ఇంట్లో మాట చెల్లేది స్వాతి నాయనమ్మ అనసూయమ్మగారిది. ఆవిడ మజ్జిగ ఇచ్చి, ఎంతో సంతోషంగా చెప్పింది.

"ఇప్పుడు రాలేం అమ్మాయ్. పిల్లకి గోచారం అంటగా! అంత పెద్ద డాక్టరూ మన శాస్త్రం ఒప్పుకున్నాడు, నాకెంత ముచ్చటేసిందో. నందిగామ సిద్ధాంతిగార్ని అడిగా. శని రాశి మారిందాకా దూర ప్రయాణాలు పెట్టుకోవద్దన్నారు."

శని మారడానికి ఇంకా నెలలు పడుతుంది. మా గడువు పద్దెనిమిది రోజులు.

"మామ్మగారూ, గోచారమంటే గ్రహాల సంగతి కదండీ. ఇది గౌచర్. జబ్బు పేరు," అన్నాను.

"నాకు చదువు రాదనుకున్నావా? మీరే అచ్చేసారుగా!"

గోడకున్న క్యాలెండరు వెనక నుంచి ఒక కరపత్రం తీసి నా చేతిలో పెట్టింది. మా ట్రస్టుదే. పైన ఇంత లావు అక్షరాల్లో 'గోచార వ్యాధి: భయం వద్దు, చికిత్స ఉంది' అని ఉంది. దాని ఆఖరి ప్రూఫు చూసి, 'సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టింది సాక్షాత్తూ నేనే. మంచం మీద స్వాతి నా మొహం చూసి పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ ఊపిరందక ఎగపోసింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

తిన్నగా జగ్గయ్యపేటలో మా కరపత్రం వేసిన ప్రెస్సుకు వెళ్ళాం. శుభలేఖలూ పంచాంగాలూ అచ్చేసే ప్రెస్సు అది. యజమాని నన్ను చూసి కుర్చీ వేయించాడు. "గౌచర్ ఏంటండీ, అసలు అర్థమే లేదు! పాపం మేడమ్ తొందర్లో తప్పు రాసారని నేనే దిద్దానండీ," అన్నాడు. థాంక్స్ చెప్తాననుకుని నిలబడ్డాడు. కడుపునిండా తిట్టాను. తిట్టడం అయ్యాక ఆయన తెప్పించిన టీ కూడా తాగాను.

ముల్లును ముల్లుతోనే తీయాలని, సిద్ధాంతిగారినే పట్టుకుందామని ప్రసాద్ అన్నాడు. రోగి వివరాలు బయటివాళ్ళకు చెప్పాలంటే ఇంటివాళ్ళ రాతపూర్వక అనుమతి కావాలి. స్వాతి తండ్రి సంతకం పెట్టి, మా అమ్మను ఒప్పిస్తే చాలండీ అన్నాడు. మర్నాడు నందిగామలో కోర్టుల వెనక ఉన్న సిద్ధాంతిగారి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన అంతా విని నొచ్చుకున్నారు. "వాళ్ళు నన్నడిగింది ప్రయాణం గురించమ్మా. వైద్యం మాట ఎవరెత్తారు? నాకు షుగరు. పొద్దున్నే మాత్ర వేసుకుంటా. శనిని అడిగే వేసుకుంటున్నానా?"

పంచాంగం తిరగేసి, వచ్చే ఏకాదశి ఔషధసేవకు బాగుందన్నారు. అది మా గడువుకు నాలుగు రోజుల ముందే. నేను ఆశపోతుదాన్ని. ఆ తర్వాత కూడా పదిహేను రోజులకోసారి వెళ్ళాలండీ అని మెల్లగా అందించాను. ఆయన నవ్వారు. "అయితే ప్రతి ఏకాదశికీ అని రాస్తా. పక్షానికొకటి వస్తుంది. ఆవిడ ఎటూ ఉపవాసం ఉంటుంది, మర్చిపోదు." చీటీ రాసి నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చారు. ఒక రోజు అటూఇటూ అయినా ఫరవాలేదని డాక్టరుగారు ఒప్పుకున్నారు.

మొదటి డోసు ఆ ఏకాదశికే పడింది. అనసూయమ్మగారు మనవరాలిని తీసుకుని మొదటి బస్సుకే బయల్దేరింది. పరిటాల దాటేటప్పుడు బస్సులోంచే ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టించింది. ఆ తర్వాత వానొచ్చినా, మున్నేరు పొంగినా, పత్తి తీతకు కూలీలొచ్చినా ఒక్క ఏకాదశి తప్పలేదు. ఏడాది తిరిగేసరికి స్వాతి పొట్ట బాగా తగ్గింది. బడికి నడిచి వెళ్తోంది.

మా ఫారంలో 'రోగికి డోసు రోజు గుర్తుచేసేది ఎవరు' అని ఒక గడి ఉండేది. నేను కొంటెతనం కొద్దీ 'ఏకాదశి' అని నింపాను. శ్రీమతి ఏకాదశి రోగికి ఏమవుతారు, ఆమె ఫోన్ నంబరు ఎంత అని ముంబై నుంచి ఉత్తరం వచ్చింది. దూరపు బంధువు, ఫోను లేదు, నెలకు రెండుసార్లు మాత్రం తప్పక వస్తారు అని జవాబు రాశాను. ఆ ఏడాది వార్షిక నివేదికలో ఆవిడ క్రమశిక్షణను మెచ్చుకున్నారు.

తప్పు కరపత్రాలన్నీ వెనక్కి తెచ్చి తగలబెట్టమని హైదరాబాదు ఆర్డరు. కొత్తవి పట్టుకుని పాతది అడగడానికి వెళ్తే అనసూయమ్మగారు ఇవ్వనంది. పైగా, "ఇంకో పదుంటే ఇచ్చెళ్ళు," అంది.

"అది తప్పు కదండీ," అన్నాను.

"తప్పని నాకు తెలీదా? మొదటి సూది రోజే పిల్ల విడమర్చి చెప్పింది. రోగం అన్నామనుకో, రేపు బళ్ళో దాని పక్కన ఎవరన్నా కూర్చుంటారా? గోచారం ఎవరికి లేదు చెప్పు? వస్తది, పోద్ది. ఊళ్ళో అందరికీ అదే చెప్తున్నా. అడిగినోళ్ళకి మీ కాయితం చూపిస్తున్నా."

బండి సంచీలోంచి పది తీసి ఇచ్చాను. రిజిస్టరులో 'మొత్తం తగలబెట్టడమైనది' అని నేను రాస్తే, సాక్షిగా ప్రసాద్ సంతకం పెట్టాడు.

జబ్బుకు ఆస్పత్రిలో ఒక పేరు, వీధిలో ఒక పేరు కావాలని ఆ కేసు వల్ల నాకు తెలిసింది. మొదటిది డాక్టరు పెడతారు. రెండోది చూసుకోవడం కూడా మా పనేనని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. జగ్గయ్యపేట ప్రెస్సాయన అడక్కుండానే ఆ పని చేసిపెట్టాడు. ఆయన నిలబడి ఎదురుచూసిన థాంక్స్ మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పలేదు.